చిటికె పెట్టెల కోసం వెతికిన వేసవి

కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో వేసవిలో నన్ను గురజాల వైపు ఒక సెక్షన్‌కు అసిస్టెంట్ ఇంజినీరుగా బదిలీ చేశారు. ఉద్యోగంలో అదే నా ఆఖరి పోస్టింగు. సెక్షన్ పేరు రాయను. అక్కడివాళ్ళు చాలామంది ఇంకా సర్వీసులోనే ఉన్నారు, నా జ్ఞాపకాల వల్ల వాళ్ళకు కొత్త తలనొప్పులు అక్కర్లేదు. కరెంటు శాఖలో సెక్షన్ అంటే ఒక సబ్‌స్టేషన్, దాన్నుంచి ఊళ్ళకూ పొలాలకూ పోయే పదకొండు వేల వోల్టుల లైన్లు, వాటిని చూసుకునే లైన్‌మెన్లు, వాళ్ళందరి మీదా ఒక ఏఈ. ఏఈ మీద సబ్ డివిజన్‌లో ఏడీఈ ఉంటారు. కరెంటు పోతే ఊరంతా ఏఈకి ఫోన్ చేస్తుంది, వచ్చాక ఎవరికీ గుర్తుండదు.

సిబ్బంది నన్ను చాటుగా "భయం మేడం" అనేవాళ్ళు. ఒకరిద్దరు ఫోన్లో నా నంబరు కూడా ఆ పేరుతోనే దాచుకున్నారని తెలుసు. నేను పట్టించుకోలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, వేరే జిల్లాలో, ఒక హెల్పర్‌ను స్తంభం మీద నుంచి తాళ్ళతో దించడం చూశాను. లైను ఆపేశారనుకుని ఎక్కాడు. అంతకు మించి రాయలేను. కరెంటున్న తీగకు ఎవరైనా దూరంగానే ఉంటారు. నాకు భయం, కరెంటు లేదని అందరూ నమ్మిన తీగంటే.

అందుకే మాకు లైన్ క్లియర్ అనే పద్ధతి ఉంది, ఎల్‌సీ అంటాం. స్తంభం ఎక్కాల్సినవాడు ముందు సబ్‌స్టేషన్ ఆపరేటర్‌కు ఫోన్ చేసి తన పేరు, లైను పేరు చెప్పి ఎల్‌సీ అడగాలి. ఆపరేటర్ బ్రేకర్ ఆపి, ఒక నంబరు చెప్పి, రిజిస్టర్లో రాసుకుంటాడు. ఎల్‌సీ తీసుకున్న మనిషే స్వయంగా తిరిగి ఇచ్చేదాకా ఆ లైన్లోకి కరెంటు వదలకూడదు, కలెక్టర్ గారు ఫోన్ చేసినా సరే. ఆ తర్వాత లైన్‌మన్ దగ్గర్లో స్తంభం మీద లైనును విడదీసే ఏబీ స్విచ్ దించి తాళం వేస్తాడు. ఆఖరుగా ఎర్తు రాడ్డు. పొడవాటి కర్ర చివర ఇనుప కొక్కెం, దానికొక రాగి తీగ, ఆ తీగ రెండో కొస భూమిలో. ఆ కొక్కేన్ని లైనుకు తగిలిస్తే, లైన్లో ఏ మూలన ఏమి మిగిలి ఉన్నా భూమిలోకి పోతుంది. చాలామంది ఎగ్గొట్టేది ఈ ఆఖరి మెట్టునే. రాడ్డు బరువు, వ్యాన్ దూరంగా ఆగి ఉంటుంది, పని చూస్తే రెండు నిమిషాలది.

మే నెలలో ఒక మధ్యాహ్నం గాలిదుమారం లేచి, మిరప పొలాల వైపు పోయే ఒక బ్రాంచి లైన్లో జంపర్ తెగింది. జంపర్ అంటే స్తంభం దగ్గర ఒక తీగను ఇంకో తీగకు కలిపే చిన్న ముక్క. ఆ ఎండలో కరెంటు పోతే జనం ఎంత ఓపికగా ఉంటారో చెప్పక్కర్లేదు. నా ఫోన్ మోగుతూనే ఉంది. లైన్‌మన్ సైదులు ఎల్‌సీ తీసుకున్నాడు, స్విచ్ దించాడు, తాళం వేశాడు. పల్నాడులో పుట్టి పెరిగిన మనిషి, నలభై దాటినవాడు, మాట తక్కువ, పని ఎక్కువ. నేను జీపు దిగేసరికి నడుముకు బెల్టు కట్టుకుంటున్నాడు. రాడ్డు ఏదని అడిగాను. వ్యాన్లో ఉందని, చిన్న పనేనని, ఎల్‌సీ చేతిలో ఉందని చెప్పాడు. రాడ్డు వేయకుండా ఎక్కనివ్వనన్నాను. పక్కనున్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సైదులు నిట్టూర్చి రాడ్డు తెచ్చాడు. ఆ రోజు నాకేదో అనుమానం వచ్చిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. రోజూ అడిగినట్టే ఆ రోజూ అడిగాను.

రాగి తీగను భూమిలో దిగ్గొట్టి, స్తంభం సగం దాకా ఎక్కి, కొక్కేన్ని లైను దగ్గరికి జరిపాడు. తగలబోతుండగా టప్‌మని పేలింది, నీలంగా మెరిసింది. సైదులు రాడ్డు వదల్లేదు, కొక్కెం తీగ మీద పడే ఉంది. అదే క్షణంలో, పొలాల అవతల అప్పటిదాకా దడదడమంటున్న ఒక చప్పుడు చటుక్కున ఆగిపోయింది. అది జనరేటర్ చప్పుడని, అది ఆగిన తర్వాతే నాకు అర్థమైంది.

సైదుల్ని దిగమన్నాను. రాడ్డు అలాగే ఉంచి, ఎవరూ దేన్నీ ముట్టుకోవద్దని చెప్పి, ఆ చప్పుడు ఆగిన దిక్కుకు జీపు పట్టించాను. అవతల ఎవరో దాన్ని మళ్ళీ స్టార్ట్ చేస్తారు. జనరేటర్ ఆగితే ఎవరైనా చేసే మొదటి పని అదే. రాడ్డు ఉన్నంతసేపు ఆ బ్రాంచి మీద భయం లేదు. కానీ ఇలాంటిది ఇంకో లైను మీద ఇంకొకటి ఉంటే, అక్కడ ఇంకొకడు రాడ్డు లేకుండా ఎక్కుతూ ఉంటే? దారి పొడుగునా నాకు అదే ఆలోచన.

పొలంలో రెండు గదుల ఇల్లు, వెనకాల వాళ్ళ బోరుకూ ఇంటికీ కలిపి ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్. రైతు చెన్నయ్య అప్పటికే జనరేటర్ తాడు చేతిలో పట్టుకుని ఉన్నాడు. ఆపమని నేను అరిచిన అరుపుకు లోపలి నుంచి ఆయన భార్య సుబ్బమ్మ పరుగెత్తుకొచ్చింది. గదిలో వాళ్ళ కూతురు, పక్కన పదిహేను రోజుల పసిబిడ్డ. ఆగిపోయిన ఫ్యాన్ కింద బిడ్డ ఏడుస్తోంది. టీవీ కింద సాకెట్లో తెల్లటి ప్లాస్టిక్ పెట్టె ఒకటి గుచ్చి ఉంది, అక్కణ్ణుంచి వైరు కిటికీలోంచి జనరేటర్‌కు పోయింది. పెట్టె మీద "చిటికె" అని రంగుల స్టిక్కర్, కింద చిన్న అక్షరాల్లో "మెయిన్ ఆపి వాడండి".

ఇక్కడ కొంచెం వివరించాలి. ఇంటికి జనరేటర్ పెట్టుకునేవాళ్ళు చేంజోవర్ స్విచ్ వేయించుకోవాలి. అది ఇటు తిప్పితే లైను, అటు తిప్పితే జనరేటర్, రెండూ ఎప్పుడూ కలవవు. దానికి ఎలక్ట్రీషియన్ రావాలి, వైరింగ్ మార్చాలి. ఈ పెట్టెకు ఆ గొడవ లేదు. ఏదో ఒక సాకెట్లో గుచ్చితే చాలు, జనరేటర్ కరెంటు సాకెట్లోంచి వెనక్కి వెళ్ళి ఇల్లంతా వెలుగుతుంది. మీటరు దగ్గరి మెయిన్ స్విచ్ ఆపకపోతే అది ఇంట్లోనే ఆగదు, మీటరు దాటి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇటూ అటూ తేడా తెలియదు. అటు నుంచి వచ్చే పదకొండు వేలను ఇంటికి సరిపడా తగ్గించినట్టే, ఇటు నుంచి పోయేదాన్ని మళ్ళీ పదకొండు వేలు చేసి లైన్లోకి పంపుతుంది. మేం ఆపామనుకున్న లైన్లోకి.

మెయిన్ ఎందుకు ఆపలేదని అడిగాను. చెన్నయ్య తల దించుకున్నాడు. సుబ్బమ్మే చెప్పింది.

"మెయిను మీటర్ పెట్టెలో ఉంది గదా మేడం. ఆ పెట్టె తెరిస్తే సీలు తెంచారని, దొంగ కరెంటని మీవాళ్ళు కేసు రాసిపోతారు. అందుకని దాని జోలికి పోం. చానా భయం మాకు."

విజిలెన్స్ తనిఖీలు ఎలా జరుగుతాయో, సీలు తెగిన మీటరు మీద ఎలా రాస్తారో నాకు తెలుసు. మా భయంతో వాళ్ళు మెయిన్ ముట్టుకోలేదు, ఆ ముట్టుకోకపోవడం వల్ల సైదులు చావబోయాడు. ఇలాంటి సంగతి సుబ్బమ్మ నాకు చెప్పింది, నేను ఎదురుగా నిలబడి అడిగాను కాబట్టి. ఊరూ పేరూ తెలియనివాళ్ళు చదివే ఫేస్‌బుక్ లాంటి చోట దీన్ని ఎవరూ రాయరు.

పెట్టె విప్పి తీసుకున్నాను. జంపర్ వేయించి, ఎల్‌సీ తిరిగి ఇప్పించి, ఏడీఈ గారికి ఫోన్లో చెప్పాను. ఎవరికైనా దెబ్బ తగిలిందా అన్నది ఆయన మొదటి ప్రశ్న. లేదన్నాక, రిపోర్టు రాయమన్నారు, విద్యుత్ భద్రత చూసే తనిఖీ శాఖకు తెలపమన్నారు, పోలీసు కేసు పెట్టమన్నారు. మూడూ నిబంధన ప్రకారం సరైనవే. మొదటి రెండూ అదే రోజు చేశాను. మూడోదానికి ఒక వారం గడువు అడిగాను. కేసంటే పెట్టె చేసినవాళ్ళు ఫోన్ ఆపేసుకుంటారు, కొన్నవాళ్ళు పెట్టెను అటక మీద దాచి, మేం వెళ్ళిపోయాక మళ్ళీ గుచ్చుతారు. ఆయన ఇష్టం లేకుండానే ఒప్పుకున్నారు.

స్టిక్కర్ మీది నంబరు కారంపూడి వైపు ఒక మోటారు వైండింగ్ షాపుది. ఆ రోజే సైదుల్ని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళాను. కాలిన మోటార్లకు కొత్త రాగి తీగ చుట్టే షాపు. యజమాని బ్రహ్మయ్య. పెట్టెలు చేసింది ఆయన కూతురు పావని, నరసరావుపేటలో ఇంజినీరింగ్ చదివి వచ్చిన అమ్మాయి. ఉద్యోగానికి ఊరు వదలనని, ఇక్కడే కంపెనీ పెడతానని పట్టుబట్టి కూర్చుంది. నేను సంగతి చెప్పకముందే, కరెంటు శాఖ వాళ్ళకు కూడా తన పెట్టె నచ్చి వచ్చారనుకుని ఉత్సాహంగా ఫోన్ తీసి చూపించింది. ఫేస్‌బుక్ గ్రూపుల్లో, వీడియోల కింద కామెంట్లలో, అన్ని చోట్లా ఒకటే ప్రశ్న పెట్టిందట: మీకు రోజూ విసుగు తెప్పించేది ఏంది, చెప్పండి, దానికి మెషిన్ నేను చేస్తా. జవాబులు కుప్పలుగా వచ్చాయి. ఎక్కువమంది అడిగింది, ఎలక్ట్రీషియన్‌ను పిలవకుండా జనరేటర్ ఇంటికి కలిపే దారి. మొదట ఆ మాట రాసినవాడు "పల్నాటి పులి" అనే పేరుతో ఉన్నాడు, బొమ్మ స్థానంలో పులి ముఖం. "అక్కా సాకెట్లో పెడితే చాలు అన్నట్టుండాలి" అని రాశాడు. దాని కింద వందలమంది సూపర్ అన్నారు. తయారయ్యాక మొదటి పెట్టె కొన్నదీ అతనే.

ఆ జాబితాను పైనుంచి కిందికి చదివాను. నిజం చెప్పాలంటే అందులో అబద్ధమేమీ లేదు. ఎండ నిజం, ఉక్క నిజం, పసిపిల్లల ఏడుపు నిజం. ఆ అమ్మాయి తెలివితక్కువదీ కాదు. పెట్టె లోపలి పని చూశాను, ఒక్క సోల్డరింగ్ కూడా వదులుగా లేదు. నేను ఆమెను ఒకటే అడిగాను.

"వీళ్ళలో స్తంభం ఎక్కేవాడు ఎవరమ్మా?"

ఆమెకు ప్రశ్న అర్థం కాలేదు. మధ్యాహ్నం జరిగింది చెప్పాను. సైదులు గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు, నడుముకు కట్టిన బెల్టు ఇంకా విప్పలేదు. పావని ఆ బెల్టు వైపు చూసింది. పెట్టె మీద మెయిన్ ఆపమని రాశాను కదా మేడం అంది, ఆ జవాబు తనకే సరిపోనట్టు. ట్రాన్స్‌ఫార్మర్ వెనక్కి పనిచేస్తుందని తను చదువుకుంది. పరీక్షలో రాసింది కూడా. ఆ రాసినదానికి అవతలి కొసన ఒక మనిషి ఉంటాడన్నది ఆమె తలలోకి ఎన్నడూ రాలేదు. బ్రహ్మయ్య మాత్రం మమ్మల్ని చూసినప్పటి నుంచి చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు, పోలీసులొస్తారా అని రెండుసార్లు అడిగాడు.

పెట్టెలు ఎవరెవరికి ఇచ్చావని అడిగితే అసలు భయం అప్పుడు మొదలైంది. ఆమెకు తెలియదు. కొందరివి ఫోన్ నంబర్లున్నాయి, కొందరివి గ్రూపులో పేర్లు మాత్రమే. ఎక్కువమంది గురజాల బస్టాండులోనో, పిడుగురాళ్ళ సెంటర్లోనో బండి మీద వచ్చి తీసుకుపోయారు. ఊరేదని అడగాల్సిన అవసరం ఆమెకు రాలేదు.

అప్పటికప్పుడు ఆమె చేత అదే గ్రూపుల్లో రాయించాను: చిటికె పెట్టె వాడకండి, దీనివల్ల ఈ రోజు ఒక లైన్‌మన్ చావు తప్పించుకున్నాడు, వెనక్కి ఇచ్చేయండి, ఇంటికొచ్చి తీసుకుంటాను. టీ తాగే లోపు జవాబులు మొదలయ్యాయి. నేను కళ్ళద్దాలు పెట్టుకుని చదివాను. ఒకడు రేటెంత అన్నాడు. ఇంకొకడు తనకు రెండు కావాలన్నాడు. కరెంటోళ్ళు ఇట్టాగే భయపెడతారు, నువ్వు తగ్గొద్దు చెల్లెమ్మా అని ఒకాయన ధైర్యం చెప్పాడు. సాయంత్రానికి కొత్తగా అడిగినవాళ్ళే ఎక్కువయ్యారు. పావని ఆ పోస్టు తీసేసింది. ఇద్దరం ఒకే సంగతికి భయపడడం అప్పుడు మొదలైంది.

ఆ వారం నాకు సరిగా నిద్ర లేదు. రాడ్డు లేకుండా ఎవరూ ఫ్యూజు కూడా ముట్టుకోకూడదని సిబ్బందికి రాతపూర్వకంగా ఇచ్చాను. సబ్‌స్టేషన్ నుంచి ఎవరైనా ఎల్‌సీ తీసుకున్నారని తెలిస్తే, అది తిరిగి వచ్చిందన్న కబురు అందేదాకా ఫోన్ చేతిలోంచి దించేదాన్ని కాదు. భయం మేడం అని నవ్వినవాళ్ళు ఆ రోజుల్లో నవ్వలేదు. రాడ్డు వేసి ఫోటో తీసి నాకు పంపేవాళ్ళు, నేను అడగకుండానే.

పెట్టెలు దొరికింది సైదులు వల్ల. పావనిని, బ్రహ్మయ్యను వెంటబెట్టుకుని ఊరూరూ తిరిగాడు. జనరేటర్ ఉన్న ఇంటి ముందు బండి ఆపి, తన పేరు చెప్పి, ఒకే మాట అనేవాడు.

"అమ్మా, మీ ఇంట్లో ఆ తెల్ల పెట్టె ఉంటే నేను మీ స్తంభం ఎక్కలేను. మీకు కరెంటు పోతే ఎక్కాల్సింది నేనే."

కొందరు వెంటనే తెచ్చి ఇచ్చారు. కొందరు అసలు పెట్టె లేదన్నారు, మర్నాడు చీకటి విడవకముందే సబ్‌స్టేషన్ గేటు దగ్గర పెట్టిపోయారు. కేసు రాయబోమని నేను ఇచ్చిన మాట సైదులు నోటితో వెళ్ళింది కాబట్టి నమ్మారు, నేరుగా నేను వెళ్తే తలుపులు వేసుకునేవాళ్ళు. ఏడీఈ గారికి లెక్క చెప్పాను. ఆయన కేసు సంగతి వదిలేసి, తనిఖీ శాఖ నుంచి పావనికి ఒక గట్టి హెచ్చరిక ఇప్పించారు. ఆమె దాన్ని షాపు గోడకు అతికించుకుంది. ఇప్పుడు తండ్రితో కలిసి మోటార్లు చుడుతుంది, చేంజోవర్ స్విచ్‌లు బిగిస్తుంది. ఇంటికి వెళ్ళి మీటరు, మెయిన్, ట్రాన్స్‌ఫార్మర్ చూడకుండా ఎవరికీ ఏదీ అమ్మదు. వ్యాపారం నెమ్మదిగా సాగుతోందని ఆ మధ్య ఫోన్లో చెప్పింది.

నేను రిటైరై సత్తెనపల్లిలో ఉంటున్నాను. మొన్నామధ్య నరసరావుపేటలో ఒక కాలేజీకి పిలిస్తే వెళ్ళాను. స్టార్టప్ పెట్టాలంటే ఐడియా కోసం ఆన్‌లైన్లో తెలియనివాళ్ళను అడగడం మంచిదేనా అని ఒక కుర్రాడు అడిగాడు. అడగవచ్చన్నాను. వాళ్ళు తమ ఇబ్బంది నిజంగానే చెబుతారు. కానీ పరువు పోయేదీ, కేసు అయ్యేదీ చెప్పరు. నువ్వు చేసిన వస్తువు వల్ల దెబ్బ తినేవాడు ఆ గ్రూపులో ఉండడు, వాడికి ఆ సమయంలో వేరే పని ఉంటుంది. ఇంకొకటి, ఆలోచన ఇవ్వడానికి ఊరూ పేరూ అక్కర్లేదు గానీ, తప్పు జరిగితే వస్తువు వెనక్కి తెచ్చుకోవడానికి కావాలి. ఇంతే చెప్పి కూర్చున్నాను.

ఒక సంగతి మాత్రం అక్కడ చెప్పలేదు. పావని చేసిన పెట్టెల్లో ఒకటి తప్ప అన్నీ దొరికాయి. పెట్టెల అడుగున పావని వరుస నంబర్లు వేసింది, దొరకనిది ఒకటో నంబరుది, పల్నాటి పులి కొన్నది. గురజాల బస్టాండులో ముఖానికి తువ్వాలు చుట్టుకుని వచ్చాడట, ఎండకు అందరూ చుట్టుకున్నట్టే. ఆ ఖాతా ఇప్పుడు లేదు. సైదులు ఇంకా సర్వీసులోనే ఉన్నాడు. గాలివాన వచ్చిన రోజు నేను అతనికి ఫోన్ చేసి రాడ్డు వేశావా అని అడుగుతాను, వేశాను మేడం అంటాడు. ఆ పెట్టె ఈపాటికి పాడైపోయి ఉంటుందిలెండి అని ఒకసారి నాకు ధైర్యం చెప్పబోయాడు. నేను దాని లోపలి పని చూశాను. పావని పనిమంతురాలు, ఆమె చేసింది అంత తొందరగా పాడైపోదు.